రెండు నెలలుగా తువ్వాలు ముడుస్తున్నాను, పాదంలో ఒంపు మాత్రం రావడం లేదు

నల్లమల_పరుగు
నాకు 22 ఏళ్లు. ఊరు అచ్చంపేట దగ్గర. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో గది అద్దెకు తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. చిన్నప్పటి నుంచి నావి సాపు పాదాలు. తడి కాళ్లతో బండల మీద నడిస్తే అందరి అడుగుల్లో నడుమ ఖాళీ కనిపిస్తుంది, నా అడుగు మాత్రం జొన్నరొట్టె పరిచినట్లు నిండుగా పడుతుంది. ఇన్నాళ్లూ దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆరు నెలల కింద పొద్దున్నే పరుగు మొదలుపెట్టిన తరువాత చీలమండ లోపలి వైపు, అరికాలి నడుమ నొప్పి వస్తోంది. 1600 మీటర్లను 7 నిమిషాల లోపే పూర్తి చేస్తున్నాను కానీ, ఆ తరువాత మధ్యాహ్నం దాకా కుంటుతూ తిరగవలసి వస్తోంది.

మైదానంలో పరిచయమైన ఒక అన్న, నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కుంటే పాదంలో ఒంపు వస్తుందని చెప్పాడు. రెండు నెలలుగా రెండు పూటలా చేస్తున్నాను. తువ్వాలు చిరిగింది, ఒంపు రాలేదు. ఒక చెప్పుల దుకాణంలో 1,800 రూపాయలకు బూట్లలో వేసుకునే మెత్తలు అంటగట్టారు; వాటివల్ల బూటు బిగుతైంది తప్ప నొప్పి తగ్గలేదు. నియామక ప్రకటనలో అనర్హతల వరుసలో సాపు పాదం కూడా ఉందని చదివినప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. అరికాలి కండరాలను బలపరిస్తే ఒంపు నిజంగా వస్తుందా, లేక నేను కాలం వృథా చేసుకుంటున్నానా?

మూసీ_గట్టు
రెండు నెలల్లో కమాను లేచేటట్లయితే చార్మినార్ కట్టినవారు అన్నేళ్లు ఎందుకు శ్రమపడ్డారు తమ్ముడూ? నవ్వులాటకు అన్నాను, ఏమీ అనుకోవద్దు. మునివేళ్ల మీద నిలబడినప్పుడు నీ పాదంలో ఒంపు కనిపిస్తుందా లేదా అన్నది ముందు చెప్పు. మా అన్న కొడుకును డాక్టరు మొట్టమొదట చేయించింది అదే.

వనపర్తి_ఫిజియో
మూసీ_గట్టు గారు అడిగినదే అసలు ప్రశ్న. నేను పదకొండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. సాపు పాదంతో వచ్చిన ఎవరికైనా ఆ పరీక్ష చేయకుండా వ్యాయామం చెప్పను.

గోడకు చేతులు ఆనించి రెండు మడమలూ లేపండి, వెనక నుంచి ఎవరినైనా చూడమనండి. ఒంపు పైకి లేచి, మడమలు కొద్దిగా లోపలికి తిరిగితే మీది మెత్తని సాపు పాదం, అంటే బరువు పడినప్పుడు మాత్రమే దిగే పాదం. మునివేళ్ల మీద నిలబడినా పాదం పలక లాగే ఉంటే అది బిగుసుకున్న సాపు పాదం. కొందరిలో పుట్టుకతోనే పాదం వెనక భాగంలోని రెండు ఎముకలు కలిసిపోయి ఉండటం దానికి కారణం. అటువంటి పాదానికి ఎన్ని వ్యాయామాలు చేయించినా ఎముకలు విడిపోవు, ఎముకల డాక్టరు ఎక్స్‌రే, అవసరమైతే సీటీ తీయించి చూడవలసిందే. రెండో పరీక్ష కూడా చేయండి. రెండు కాళ్ల మీద మామూలుగా నిలబడి ఉండగా మరొకరు మీ బొటనవేలిని పైకి వంచితే, అరికాలి కింది గట్టి పొర బిగిసి ఒంపు లేవాలి.

ఇక తువ్వాలు సంగతి. మీ శ్రమ వృథా అని అనను, కానీ అది వేరే కండరాలకు పోయింది. వేళ్లను ముడిచే పొడవాటి కండరాల పొట్ట పిక్కలో ఉంటుంది, వాటి నరం వంటి స్నాయువు మాత్రమే వేళ్ల దాకా వస్తుంది. తువ్వాలు లాగేటప్పుడు ఎక్కువ పని చేసేవి అవే. ఒంపుకు దగ్గరగా ఉండేవి అరికాల్లోనే పుట్టి అరికాల్లోనే ముగిసే చిన్న కండరాలు, నాలుగు వరుసల్లో ఉంటాయి. వాటిలో పాదం లోపలి అంచున మడమ నుంచి బొటనవేలి దాకా సాగే కండరం ముఖ్యమైనది. దానిని లేపాలంటే వేళ్లు ముడవకూడదు.

మన మూడు రాళ్ల పొయ్యిని గుర్తుచేసుకోండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడు రాళ్లూ నేలకు ఆని ఉండాలి. కుర్చీలో కూర్చుని, వేళ్లను ముడవకుండా, లేపకుండా, బొటనవేలి మొదలును మడమ వైపుకు లాగండి. పాదం ఒక గోరంత పొట్టిదైనట్లు, నడిమి భాగం పైకి లేచినట్లు తెలుస్తుంది. పాదం లోపలి అంచున వేలు పెట్టి చూస్తే కండరం గట్టిపడటం తగులుతుంది. అది తగలకపోతే మీరు చేస్తున్నది వేరే ఏదో. 5 సెకన్లు పట్టి వదలండి, పది సార్లు, రోజుకు మూడు విడతలు. మొదటి వారం చాలామందికి అసలు రాదు, అరికాలు పట్టేస్తుంది కూడా. దీనిని చెక్ దేశపు వైద్యుడు వ్లాదిమిర్ జాండా ప్రచారంలోకి తెచ్చాడు, ఫిజియోలు పొట్టి పాదం వ్యాయామం అంటారు. కూర్చుని బాగా వచ్చిన తరువాతే నిలబడి, ఆ తరువాతే ఒంటికాలి మీద చేయాలి.

ఎర్రమట్టి
పైన చెప్పినదంతా బాగుంది కానీ అసలు కారణాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. పిల్లలకు మూడేళ్లకే బూట్లు తొడిగి, లేసులు బిగించి, బడికి పంపిస్తున్నాము. పాదానికి పని లేకుండా చేసి, తరువాత పాదానికి బలం లేదని బాధపడుతున్నాము. మన దేశంలోనే, కర్ణాటకలో, 2300 మంది పిల్లల అడుగుల ముద్రలు తీసి 1992లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెప్పులు, బూట్లు తొడిగే పిల్లల్లో 8.6 శాతం మందికి సాపు పాదాలు ఉంటే, వట్టికాళ్లతో తిరిగేవారిలో 2.8 శాతం మందికే ఉన్నాయి. మూసి ఉండే బూట్లు తొడిగేవారిలో అన్నిటికంటే ఎక్కువ. బూట్లు విప్పి పొలం గట్ల మీద నడువు తమ్ముడూ. నాటు వేసే మడిలో నాలుగు రోజులు దిగితే వేళ్లు బురదను ఎలా పట్టుకుంటాయో నీకే తెలుస్తుంది. దానికి మించిన ఫిజియోథెరపీ లేదు.

మూసీ_గట్టు
అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అన్న పెద్దలు ఈ వైద్యం సంగతి తెలియకనే అన్నట్లున్నారు.

టీచరమ్మ_దేవరకొండ
ఎర్రమట్టి గారి మాటను నేను అంగీకరించలేను, ఎందుకంటే ఆ మాట విని నష్టపోయినదానిని నేనే. నాకు 47 ఏళ్లు, రోజుకు ఐదారు గంటలు నిలబడి పాఠం చెబుతాను. పుట్టుకతో నా పాదాలు సాపువి కావు. రెండేళ్ల కింద కుడి చీలమండ లోపలి వైపు ఎముక వెనక వాపు, నొప్పి మొదలయ్యాయి. ఇంట్లో అందరూ కలిసి వట్టికాళ్లతో నడిస్తే పాదం గట్టిపడుతుందని చెప్పడంతో పొద్దున, సాయంత్రం సిమెంటు రోడ్డు మీద నడిచాను. మూడు నెలల్లో కుడి పాదం ఎడమ పాదం కంటే స్పష్టంగా సాపు అయింది. వెనక నుంచి చూస్తే ఎడమ కాలికి చిటికెనవేలు ఒక్కటే కనిపించేది, కుడి కాలికి మూడు వేళ్లు కనిపించేవి. ఒంటికాలి మీద మడమ లేపబోతే ఒక్కసారి కూడా లేవలేదు.

పిక్క లోపలి నుంచి చీలమండ వెనకగా దిగి పాదపు ఒంపును పట్టి ఉంచే స్నాయువు దెబ్బతిన్నదని డాక్టరు చెప్పారు. నలభై దాటిన ఆడవారిలో, బరువు, చక్కెర, రక్తపోటు ఉన్నవారిలో ఇది ఎక్కువ అట. దానికి మొదట చేసింది వ్యాయామం కాదు, విశ్రాంతి. ఆరు వారాలు చీలమండకు పట్టీ, బూటులో ఒంపును మోసే మెత్త, నడక తగ్గించడం. నొప్పి చల్లారిన తరువాతే కండరాల పని మొదలైంది. పెద్ద వయసులో, ఒకే కాలికి, కొత్తగా సాపు పాదం వస్తే అది ఈ అబ్బాయి సమస్య కాదని అందరూ తెలుసుకోవాలి.

ఎర్రమట్టి
మేడమ్, మీకు జరిగినది బాధాకరమే. నేను చెప్పింది మట్టి నేల గురించి, సిమెంటు రోడ్డు గురించి కాదు.

టీచరమ్మ_దేవరకొండ
మట్టి నేల ఎక్కడ మిగిలింది సార్? మా వీధిలో ఇంటి గడప దాటితే సీసీ రోడ్డే.

జూరాల_గాలి
వట్టికాళ్ల విషయంలో నా అనుభవం ఇద్దరి మాటకూ నడుమ ఉంది. నావి కూడా సాపు పాదాలు, బరువు అప్పట్లో 84 కిలోలు. మూడేళ్ల కింద అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పులు లేకుండా తిరిగాను. మొదటి పది రోజులు మడమలు పగిలేటంత నొప్పి, ఇరవై రోజుల తరువాత అలవాటైంది, చివరి వారంలో పిక్కలు తేలికగా ఉన్నట్లు అనిపించింది. అయితే నాతోపాటు మాల వేసుకున్న మా బావకు చక్కెర ఉంది, అరికాళ్లలో స్పర్శ సరిగా తెలియదు. ఒక కంకర ముక్క గుచ్చుకుని పుండు పడితే ఐదు రోజుల దాకా ఆయనకు తెలియలేదు, మానడానికి రెండు నెలలు పట్టింది. చక్కెర ఉన్నవారికి వట్టికాళ్ల నడకను ఎవరూ సలహాగా చెప్పవద్దని నా మనవి.

గద్వాల_మగ్గం
మా తాత సాపు పాదాల మనిషి. పదమూడో ఏట గుంట మగ్గంలోకి దిగి డెబ్బై దాటేదాకా తొక్కుడు కర్రలు తొక్కుతూనే ఉన్నాడు. ఒక్కనాడూ పాదం నొప్పి అని అనలేదు, ఆయన పాదంలో ఒంపూ రాలేదు. రోజంతా పాదాలతో పని చేసినా రాని ఒంపు పది నిమిషాల వ్యాయామంతో వస్తుందా అన్నది నా సందేహం. నొప్పే లేనప్పుడు ఒంపు ఎందుకు అన్నది ఇంకో సందేహం.

వనపర్తి_ఫిజియో
గద్వాల_మగ్గం గారి రెండో సందేహంలోనే జవాబు ఉంది. నొప్పి లేని మెత్తని సాపు పాదానికి చికిత్స అక్కరలేదు. నొప్పి ఉన్నవారికి కూడా మేము చూసేది ఒంపు ఎత్తును కాదు, ఆ పాదం ఎంత పని మోయగలదన్నదానిని.

నల్లమల_పరుగు
మీరు చెప్పిన పరీక్షలు నా గది మిత్రుడి చేత చేయించాను, వాడు ఫోనులో ఫోటోలు కూడా తీశాడు. మునివేళ్ల మీద లేస్తే ఒంపు స్పష్టంగా వస్తోంది, బొటనవేలిని వంచినా వస్తోంది. ఒంటికాలి మీద మడమ లేపడం కుడి వైపు 18 సార్లు వచ్చింది, ఎడమ వైపు 9 సార్లకే కాలు వణికింది. నొప్పి కూడా ఎడమ వైపే ఎక్కువ. పొట్టి పాదం వ్యాయామం మాత్రం అరగంట ప్రయత్నించినా రాలేదు. బొటనవేలిని లాగుతున్నానని నేను అనుకుంటున్నాను, వేళ్లన్నీ కొంగ కాలిలా ముడుచుకుంటున్నాయి.

లెక్క_తేలాలి
ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు. 1963లో బాస్మాజియన్, స్టెకో అనే పరిశోధకులు కాలి కండరాల్లో సూది ఎలక్ట్రోడ్లు పెట్టి చూశారు. ఊరకే నిలబడి ఉన్నప్పుడు పాదపు ఒంపును మోసేది ఎముకల అమరిక, వాటిని కట్టి ఉంచే బంధనాలు తప్ప కండరాలు కావని వారు తేల్చారు. చాలా ఎక్కువ బరువు మోపితే గాని కండరాలు పనిలోకి రాలేదు. మరి కండరాలను బలపరచి ఒంపు తెస్తామనడం, దూలాలు వంగిన ఇంటికి సున్నం వేసినట్లు కాదా? ఈ వ్యాయామాల వల్ల ఎంత ఒంపు వస్తుందో మిల్లీమీటర్లలో ఎవరైనా చెప్పగలరా?

వనపర్తి_ఫిజియో
చెప్పగలను, ఆ అంకె విని మీకు నవ్వు వచ్చినా సరే.

ముందు మీ 1963 మాట. అది ఊరకే నిలబడినప్పటి సంగతి, ఈ అబ్బాయికి నొప్పి వచ్చేది పరుగెత్తినప్పుడు. నడకలో, పరుగులో ఈ కండరాలు పని చేస్తాయని ఆ తరువాతి పరిశోధనలు చూపాయి. 2003లో కొందరు పరిశోధకులు చీలమండ దగ్గర టిబియల్ నరానికి మత్తు ఇచ్చి అరికాలి చిన్న కండరాలను పడుకోబెట్టి కొలిచారు. నిలబడినప్పుడు ఒంపు దిగడం మునుపటికంటే పెరిగింది. కండరాలకు ఏ పాత్రా లేకపోతే అది పెరగకూడదు కదా.

ఇక మిల్లీమీటర్లు. పాదం లోపలి వైపు, చీలమండ ఎముకకు కింద, కొద్దిగా ముందు ఒక బుడిపె తగులుతుంది, దానిని నావిక్యులర్ ఎముక అంటారు. కూర్చుని ఉన్నప్పుడు అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, నిలబడినప్పుడు ఎంత దిగింది అన్నది కొలుస్తారు. తేడా 10 మిల్లీమీటర్లు దాటితే ఎక్కువ దిగుడుగా సాధారణంగా లెక్కిస్తారు. 2013లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, నాలుగు వారాల పాటు పొట్టి పాదం వ్యాయామం చేసినవారిలో ఈ దిగుడు సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గింది, ఎనిమిది వారాలకు చూసినా అది నిలిచి ఉంది. అంతే, రెండు మిల్లీమీటర్లు. కాబట్టి తడి అడుగులో జొన్నరొట్టె పోయి కొబ్బరి చెక్క వస్తుందని ఎవరికీ మాట ఇవ్వను. కానీ అదే అధ్యయనంలో ఒంటికాలి మీద నిలకడ కూడా మెరుగుపడింది, నా దగ్గరికి వచ్చేవారిలో నొప్పి తగ్గడానికి అది చాలుతోంది. సున్నం పోలిక బాగుంది కానీ, ఇక్కడ మేము వేసేది సున్నం కాదు, దూలానికి ఆసరా గుంజ.

నల్లమల_పరుగు గారికి: రెండు వైపులా తేడా 18కి 9 అంటే నొప్పికి కారణం చాలావరకు అక్కడే దొరికినట్లు. వేళ్లు ముడుచుకుంటుంటే మొదట వేరే పని చేయండి. నాలుగు వేళ్లు నేలకు ఆనించి బొటనవేలిని ఒక్కదానినే లేపండి, తరువాత బొటనవేలిని ఆనించి మిగతా నాలుగింటిని లేపండి, చివరకు అయిదు వేళ్లనూ విసనకర్ర లాగా విప్పండి. మొదట్లో రాకపోతే చేతితో సాయం చేయండి. ఇది బలం పని కాదు, మెదడుకు ఆ దారి గుర్తు చేయడం. దీనితోపాటు రెండు మడమల నడుమ ఒక టెన్నిస్ బంతిని నొక్కి పట్టి, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా మునివేళ్ల మీదకు లేచి, అంతే నెమ్మదిగా దిగండి. పన్నెండు సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. బంతి నొక్కినప్పుడు టీచరమ్మ గారు చెప్పిన ఆ స్నాయువు కండరం పనిలోకి దిగుతుంది. సైకిల్ పంక్చర్ దుకాణంలో పాత ట్యూబు ముక్క అడిగి తెచ్చుకోండి. దానిని మంచం కోడుకు కట్టి, రెండో కొసను పాదానికి తగిలించి, మోకాలు కదలకుండా పాదాన్ని లోపలికి లాగడం కూడా అదే కండరానికి మంచిది. ఎడమ కాలికి ఒక విడత అదనంగా చేయండి.

నల్లమల_పరుగు
కొలిచాను. అట్ట ముక్క కోసం వెతికితే గదిలో దొరికింది మా మిత్రుడి అక్క పెళ్లి పత్రిక ఒక్కటే, దాని అంచున పెన్నుతో గుర్తులు పెట్టుకున్నాము. కుడి 9 మిల్లీమీటర్లు, ఎడమ 13. ముహూర్తం పక్కనే నా ఎడమ పాదం గీత ఉంది.

మూసీ_గట్టు
ఆ పత్రికను దాచిపెట్టు తమ్ముడూ, మూడు నెలల తరువాత మళ్లీ అదే అట్ట మీద కొలవాలి. కట్నకానుకల లెక్క ఒక వైపు, కాళ్ల లెక్క ఒక వైపు.

చిట్టి_అమ్మ
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మాది సూర్యాపేట. మా పాపకు నాలుగేళ్లు, పాదాలు పూర్తిగా సాపు. మా అత్తమ్మ, సాపు పాదం ఆడపిల్లకు మంచిది కాదని, పెళ్లి చూపుల్లో అడుగు చూస్తారని ఇప్పటి నుంచే బాధపడుతున్నారు. ఒకచోట ప్రత్యేకమైన బూట్లు చేయించమని, రాత్రి కూడా విప్పవద్దని చెప్పారు. ఈ వ్యాయామాలు పాపకు చేయించవచ్చా?

వనపర్తి_ఫిజియో
నాలుగేళ్ల పిల్లలకు సాపు పాదం ఉండటమే సహజం. ఆ వయసులో ఒంపు ఉండవలసిన చోట కొవ్వు మెత్త ఉంటుంది, కీళ్లు వదులుగా ఉంటాయి; చాలామందిలో పదేళ్లు వచ్చేలోపు ఒంపు దానంతట అదే తేలుతుంది. బూట్ల విషయంలో 1989లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష జరిగింది. కొందరు పిల్లలకు మామూలు బూట్లు, కొందరికి సరిదిద్దే బూట్లు, మెత్తలు ఇచ్చి మూడేళ్లు గమనిస్తే, అన్ని జట్లలోనూ ఒంపు సమానంగానే పెరిగింది. పాప ఆడుకుంటూ నొప్పి అనకపోతే, మునివేళ్ల మీద లేచినప్పుడు ఒంపు కనిపిస్తే, బూట్ల డబ్బు మిగుల్చుకోండి. వ్యాయామం అని కూర్చోబెట్టవద్దు; ఇసుకలో ఆడనివ్వండి, మునివేళ్ల మీద నడిచే ఆట ఆడించండి, కాలివేళ్లతో గోలీలు ఏరి గిన్నెలో వేయమనండి. నొప్పి ఉన్నా, ఒక కాలు ఒక తీరు, మరో కాలు మరో తీరు ఉన్నా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఎర్రమట్టి
ఇసుకలో ఆడనివ్వండి అని ఫిజియో గారే అంటున్నారు. నేను అన్నది కూడా అదే కదా.

వనపర్తి_ఫిజియో
నాలుగేళ్ల పాప విషయంలో మీతో ఏకీభవిస్తాను. నొప్పితో ఉన్న 22 ఏళ్ల పరుగు మనిషికి ఒక్కసారిగా బూట్లు విప్పించడం వేరు. మీరు చెప్పిన 1992 అధ్యయనం పాదాలు ఎదిగే వయసు గురించి, ఎదిగిపోయిన పాదాలకు చికిత్స గురించి కాదు. ఆయన ఇంట్లో, గడ్డి మీద పది నిమిషాలతో మొదలుపెట్టి వారం వారం పెంచుకోవచ్చు.

మర్రిగూడ_బావి
మా ప్రాంతం వారికి ఒక మాట. నల్లగొండ జిల్లాలో మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు వల్ల ఎంతమంది ఎముకలు బిగుసుకుపోయాయో, ఎంతమంది పిల్లల మోకాళ్లు వంకరపోయాయో అందరికీ తెలిసినదే. మా చిన్నాన్నకు మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతాయి, బరువంతా పాదాల లోపలి అంచు మీదే పడి పాదాలు సాపు అయ్యాయి. ఆయనకు ఎవరో ఈ తువ్వాలు వ్యాయామమే చెప్పారు. మోకాలి దగ్గర ఉన్న లోపానికి పాదం దగ్గర వ్యాయామం ఏం చేస్తుంది? కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చిన తరువాత పెరిగిన పిల్లలకు ఈ బాధ తప్పుతుందనే ఆశ. మా తరం వారిలో ఎవరికైనా పాదాలతోపాటు నడుము, మెడ కూడా పట్టేసి ఉంటే పాదం ఒక్కటే చూసుకుని కూర్చోవద్దు.

విశ్రాంత_ఖాకీ
ఉద్యోగం గురించి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ముప్పై ఏళ్లు ఆ శాఖలో పని చేసినవాడిని. 2022 ప్రకటనలో మోకాళ్లు తగలడం, సాపు పాదం, ఉబ్బిన సిరలు అనర్హతల్లో ఉన్న మాట నిజం. పాదం చూసి తేల్చేది వైద్య పరీక్ష చేసే డాక్టరు, మైదానంలోని అన్నలు కాదు. సైన్యం నియమాల్లో, మునివేళ్ల మీద నిలబడితే ఒంపు తిరిగి వచ్చి, మునివేళ్ల మీద గెంతడం, పరుగెత్తడం చక్కగా చేయగలిగి, పాదం నొప్పి లేకుండా మెత్తగా ఉంటే తీసుకోవచ్చని ఉంది. పోలీసు పరీక్షలో కూడా అంతేనని నేను మాట ఇవ్వలేను. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు ఇప్పుడే ఒకసారి చూపించుకుని, నీ పాదం ఏ రకమో రాయించుకో బాబూ. సంగతి ముందుగా తెలిస్తే వేరే పరీక్షలకు కూడా చదువుకోవచ్చు. నాకు తెలిసిన ఒక కుర్రవాడు డాక్టరు ముందు వేళ్లు ముడిచి ఒంపు తెచ్చి చూపబోయాడు. ఆయన నవ్వి, బాబూ ఇక ఊపిరి వదులు అన్నాడు.

పిక్కబలం
అందరూ అరికాలి గురించే మాట్లాడుతున్నారు, పిక్క బిగువును మరిచిపోయారు. నేను నల్లగొండలోని ఎన్జీ కళాశాల మైదానంలో పదేళ్లుగా పరుగెత్తుతున్నాను, నావి సాపు పాదాలే. పిక్క బిగిసి చీలమండ ముందుకు వంగకపోతే, ఆ లోటును పాదం నడుమ భాగం కుంగి తీర్చుకుంటుంది. కెనడా సైనికుల పాదాలను వేల సంఖ్యలో పరీక్షించి 1947లో నివేదిక ఇచ్చిన హారిస్, బీత్ అనే డాక్టర్లు కూడా, మెత్తని సాపు పాదం ఒక్కటే ఉంటే బాధ లేదని, దానికి పిక్కను మడమకు కలిపే స్నాయువు బిగువు తోడైతేనే ఇబ్బంది అని గుర్తించారు. గోడ ముందు నిలబడి, బొటనవేలిని గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, మడమ లేపకుండా మోకాలిని గోడకు తగిలించి చూడు. తగలకపోతే ముందు పిక్కను సాగదీసే పని పెట్టుకో; సాగదీసేటప్పుడు పాదం లోపలికి కుంగకుండా చూసుకో.

ఇంకో మాట. ఆరు నెలల్లో సున్నా నుంచి రోజూ పరుగుకు పోయి ఉంటావు. వారానికి మూడు రోజులు పరుగు, మిగతా రోజులు సైకిల్ తొక్కు. కండరం గట్టిపడేది విశ్రాంతిలో.

నల్లమల_పరుగు
ఎడమ మోకాలు గోడకు తగలలేదు, కుడిది తగిలింది. ఇప్పుడు అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. రోజూ పరుగెత్తుతున్న మాట కూడా నిజమే.

జూరాల_గాలి
కురుమూర్తి జాతరలో ఉద్దాలకు, అంటే స్వామి పాదుకలకు, మొక్కుకుంటే సాపు పాదాలు బాగవుతాయా అని మా అమ్మ అడగమంటోంది. నేను అడగనని చెప్పాను, అయినా అడిగాను.

మూసీ_గట్టు
మొక్కుకోమనండి, గుట్ట మెట్లు ఎక్కితే పిక్కలకు మంచిదే.

టీచరమ్మ_దేవరకొండ
నా సంగతి ఏమైందని ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు. ఇప్పుడు పద్నాలుగు నెలలైంది. ట్యూబు వ్యాయామం, రెండు కాళ్ల మీద మడమ లేపడం రోజూ చేస్తున్నాను, మెత్త లేకుండా తరగతికి పోను. పాదం తిరిగి మునుపటిలా కాలేదు, కాదని డాక్టరు ముందే చెప్పారు. ఒంటికాలి మీద మడమ నాలుగు సార్లు లేస్తోంది. సాయంత్రం వాపు రావడం లేదు. మెత్తలు దండగ అన్నట్లు పైన కొందరు రాశారు. నొప్పితో ఉన్న పాదానికి అవి చేతికర్ర లాంటివి, కర్ర పట్టుకున్నంత మాత్రాన కాలు చెడిపోదు. అయితే దుకాణంలో అందరికీ ఒకటే అచ్చుగా అమ్మేవి వేరు, పాదం కొలిచి చేసేవి వేరు.

లెక్క_తేలాలి
నల్లమల_పరుగు గారూ, ఫలితం ఎలా ఉన్నా తిరిగి వచ్చి రాయండి. ఇటువంటి చర్చల్లో అందరూ సలహా అడుగుతారు, తరువాత ఏమైందో ఎవరూ చెప్పరు.

నల్లమల_పరుగు
పన్నెండు వారాలు పూర్తయ్యాయి కాబట్టి రాస్తున్నాను. పొట్టి పాదం వ్యాయామం మూడో వారానికి వచ్చింది. ఒక రాత్రి చదువుకుంటూ కూర్చున్నప్పుడు బల్ల కింద అరికాలు దానంతట అదే లేచింది, వేళ్లు కదలలేదు, నేనే ఆశ్చర్యపోయాను. ఇప్పుడు పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద చేస్తున్నాను. మడమ లేపడం ఎడమ వైపు 9 నుంచి 17కు వచ్చింది. మొదటి నెల పరుగు వారానికి మూడు రోజులకు తగ్గించినందుకు సమయం 7 నిమిషాలు దాటిపోయి భయం వేసింది, ఇప్పుడు 6 నిమిషాల 52 సెకన్లకు తిరిగి వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు. బాగా పరుగెత్తిన రోజు గంటసేపు ఉంటుంది, మధ్యాహ్నం దాకా కుంటడం లేదు.

పెళ్లి పత్రిక మీద మళ్లీ కొలిచాము. కుడి 9, మార్పు లేదు. ఎడమ 13 నుంచి 11. పెన్ను గీత మందమే ఒక మిల్లీమీటరు ఉంటుంది కనుక లెక్క_తేలాలి గారు దీనిని ఒప్పుకోకపోయినా నాకు కోపం లేదు. తడి అడుగు ఇంకా జొన్నరొట్టె లాగే పడుతోంది. ఎముకల డాక్టరు చూసి మెత్తని సాపు పాదమని కాగితం మీద రాసి ఇచ్చారు, వైద్య పరీక్షలో ఏమంటారో తాను చెప్పలేనని కూడా అన్నారు. పంచాయతీ కార్యదర్శి పరీక్ష పుస్తకాలు కూడా కొనుక్కున్నాను.

లెక్క_తేలాలి
రెండు మిల్లీమీటర్లను ఒప్పుకోను. 9 నుంచి 17ను ఒప్పుకుంటాను.

ఎర్రమట్టి
తమ్ముడూ, ఈ పన్నెండు వారాల్లో గడ్డి మీద వట్టికాళ్లతో నడిచావా లేదా, ఆ ఒక్క మాట చెప్పు.

నల్లమల_పరుగు
నడిచానన్నా, రోజూ ఇరవై నిమిషాలు. మీ వల్లనో, ఫిజియో గారి వల్లనో తేల్చడం నా వల్ల కాదు.